పాత గ్రామఫోను రికార్డుల సేకరణ: తెలుగు ప్లేట్లు, తూర్పు హైదరాబాదు

గ్రామఫోను రికార్డుల సేకరణ అంటే వాడుకలోంచి తప్పుకున్న ధ్వని ఫలకాలను వెతికి సంపాదించడం, గుర్తించడం, భద్రపరచడం, విని విలువ కట్టడం. తెలుగునాట వీటిని ‘ప్లేట్లు’ అనీ ‘రికార్డులు’ అనీ పిలిచారు. ఈ వ్యాసం తెలుగు రికార్డుల్లో అరుదైన వాటిని గురించి చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లతో కూడిన తూర్పు హైదరాబాదును ఉదాహరణగా తీసుకుంటుంది.

పరిధి

పాతదైన ప్రతి రికార్డూ అరుదైనది కాదు. లక్షల ఇళ్ళలో మోగిన సినిమా పాట ప్లేటు ఎనభై ఏళ్ళ నాటిదైనా ఈరోజు దొరకవచ్చు. ఒక్కసారే కొద్దిగా అచ్చయి, మళ్ళీ అచ్చుకు నోచుకోని పద్యాల ప్లేటు యాభై ఏళ్ళదైనా కనిపించకపోవచ్చు. సేకర్తల దృష్టిలో అరుదుదనానికి మూడు ఆధారాలు: ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి, అందులోని పాట వేరే రూపంలో, అంటే క్యాసెట్‌గానో సీడీగానో ఇంటర్నెట్‌లోనో, దొరుకుతుందా లేదా. తెలుగు రికార్డుల విషయంలో మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సినిమా పాటలు ఏదో ఒక రూపంలో మళ్ళీ మళ్ళీ బయటికి వచ్చాయి. రంగస్థల పద్యాలకు, ప్రైవేటు గీతాలకు, హరికథలకు ఆ భాగ్యం తక్కువ. వాటిలో చాలా భాగం ఇప్పటికీ ఆ ఒక్క ప్లేటులోనే ఉంది.

‘తెలుగు రికార్డు’ అన్న మాటకూ హద్దు గీయాలి. కర్ణాటక సంగీతంలో త్యాగరాజ కీర్తనలు, క్షేత్రయ్య పదాలు తెలుగు సాహిత్యమే. పాడినవారు తమిళులో కన్నడిగులో కావచ్చు. వీణ ధనమ్మాళ్ (1867–1938) 1932లో కొలంబియా కంపెనీకి ఇచ్చిన కొద్ది రికార్డుల్లో క్షేత్రయ్య పదాలున్నాయి. వాటిని తెలుగు సేకరణలోంచి తీసివేస్తే పదాన్ని ఎలా పాడేవారో చెప్పే గట్టి ఆధారం పోతుంది. అందుచేత ఇక్కడ పాడినవారి ఊరిని కాక సాహిత్యపు భాషనే కొలమానంగా తీసుకున్నాం.

రకాలు

లక్క రికార్డు: నిమిషానికి 78 చుట్లు తిరిగేది. లక్క, రాతి పొడి, మసి, పత్తి నార కలిపి చేసిన ముద్దను వేడిగా అచ్చులో నొక్కితే తయారవుతుంది. 10 అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలు, 12 అంగుళాలదైతే 4 నిమిషాలకు పైచిలుకు పడుతుంది. బరువెక్కువ. చేయి జారితే పెంకులా పగులుతుంది.

ఎల్.పి.: 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన వినైల్ రికార్డు. నిమిషానికి 33⅓ చుట్లు. ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా పడుతుంది.

45 చుట్ల రికార్డు: 1949లో ఆర్‌సీఏ విక్టర్ తెచ్చిన 7 అంగుళాల రికార్డు. ఇందులో వైపుకు రెండేసి పాటలు పట్టేదాన్ని ఈ.పి. అంటారు. 1960, 70లలో తెలుగు సినిమా పాటలు ఎక్కువగా ఇళ్ళకు చేరింది ఈ.పి.ల ద్వారానే.

మాటలో చిన్న తేడా గమనించాలి. ఇంగ్లీషు వాడుక ప్రభావంతో ఇప్పుడు అన్నిటినీ ‘వినైల్’ అంటున్నారు. 78 చుట్ల భారతీయ రికార్డులు వినైల్ కావు, లక్కవి. ఈ తేడా తెలియక స్పిరిటుతో తుడిచి పాడుచేసినవి ఉన్నాయి (చూ. భద్రత).

చరిత్ర

థామస్ ఎడిసన్ 1877లో కనిపెట్టిన ఫోనోగ్రాఫు స్తూపం మీద ధ్వనిని గీసేది. ఎమిల్ బెర్లినర్ 1887లో చదునైన పళ్ళేన్ని వాడే గ్రామఫోనుకు పేటెంటు పొందాడు. పళ్ళేనికి ఉన్న గొప్ప సౌలభ్యం అచ్చు. ఒక్క మూలం నుంచి వేల ప్రతులు తీయవచ్చు.

1902 నవంబరులో రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గ్రామఫోన్ కంపెనీ కోసం భారతీయ గాయకుల గొంతులు పట్టాడు. గౌహర్ జాన్ వారిలో ప్రసిద్ధురాలు. అప్పట్లో ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడలో తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తాలో అచ్చు కర్మాగారం మొదలైంది. తర్వాత అది దమ్‌దమ్‌కు మారింది. ప్రపంచానికి లక్క ఎగుమతి చేసే దేశంలోనే రికార్డు అచ్చుకావడంతో ధర అందుబాటులోకి వచ్చింది. 20వ శతాబ్దపు తొలి దశకంలోనే కంపెనీల నిపుణులు దక్షిణాదికీ వచ్చి పాటలు పట్టుకున్నారు. అలా తొలిరోజుల్లో రికార్డుకెక్కినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మ ఒకరు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో మళ్ళీ అచ్చువేయించింది ఈమే.

1925కు ముందు రికార్డింగులో మైకు వాడకం లేదు. గాయకుడు పెద్ద కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడాలి. ఆ కంపనమే మైనం మీద గాడి గీసేది. తంబురా శ్రుతి దాదాపు వినిపించదు, మృదంగం దూరాన ఎక్కడో ఉన్నట్టుంటుంది. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చాక గొంతులోని సన్నని పలుకు కూడా గాడిలోకి ఎక్కింది. దక్షిణాది రికార్డుల్లో 1930లు అందుకే పంట కాలం. హెచ్.ఎం.వి., కొలంబియా, ట్విన్, రీగల్, ఓడియన్, బ్రాడ్‌కాస్ట్, హచిన్స్ వంటి లేబుళ్ళు పోటీపడ్డాయి. తర్వాత ఏవీఎం స్టూడియో అధిపతి అయిన ఏ.వి.మెయ్యప్పన్ అంతకుముందు మద్రాసులో నడిపిన వ్యాపారం సరస్వతీ స్టోర్స్. అది ఓడియన్ రికార్డుల వ్యాపారం చేసింది. ఓడియన్ భారతదేశంలో రెండు విడతలుగా, 1912–16లోనూ 1932–38లోనూ, రికార్డులు విడుదల చేసింది.

గ్రామఫోను అందరి ఇళ్ళలో లేదు. పల్లెలకు రికార్డు చేరిన దారులు వేరు. టూరింగు టాకీసుల్లో ఆట మొదలయ్యే ముందు ప్లేటు వేసేవారు. పెళ్ళికీ జాతరకూ మైకుసెట్టు కట్టేవాళ్ళు ప్లేట్ల పెట్టె వెంట తెచ్చేవారు. తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు వెంట వినవచ్చిన పాటలూ రికార్డులే. సేకర్తల చేతికి ఈరోజు వచ్చే ప్లేట్లలో మైకుసెట్టు వాళ్ళవి తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. లేబులు మీద రంగు పెన్సిలుతో వరస సంఖ్య వేసి ఉంటుంది. జనం మళ్ళీ మళ్ళీ అడిగిన వైపు బాగా అరిగి తెల్లబడి ఉంటుంది.

పద్యనాటక రికార్డులు

తెలుగు రికార్డుల్లో మరే భాషలోనూ ఇంత విరివిగా లేనిది పద్యనాటక శాఖ. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం, ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారం వంటివి రాత్రంతా ఆడే నాటకాలు. వాటిని మూడు నిమిషాల ముక్కలుగా కోసి ప్లేట్లకు ఎక్కించారు. ఒకే నాటకాన్ని వరుస ప్లేట్లలో ఇస్తే దాన్ని ‘డ్రామా సెట్టు’ అన్నారు.

ఈ మూడు నిమిషాల కొలత పద్యం పాడే తీరునే మార్చింది. రంగస్థలం మీద నటుడు పద్యం చివర రాగాన్ని ఇష్టమొచ్చినంత సాగదీయవచ్చు. జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్ళీ అందుకోవచ్చు. రికార్డులో ఆ స్వేచ్ఛ లేదు. హార్మోనియం ఎత్తుగడ, పద్యం, రాగం అన్నీ గాడి అయిపోకముందే ముగియాలి. అందుకని రికార్డు పద్యం రంగస్థల పద్యం కన్నా బిగువుగా, వేగంగా ఉంటుంది. అయితే తర్వాతి తరం నటులు నేర్చుకున్నది చాలాచోట్ల ఈ ప్లేట్ల నుంచే. కొంత బాణీ రంగస్థలం నుంచి రికార్డుకు, రికార్డు నుంచి మళ్ళీ రంగస్థలానికి చేరిందన్నమాట. పద్యనాటక చరిత్ర రాసేవారు ఈ రెండో ప్రయాణాన్ని ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ పాటలు, కపిలవాయి రామనాథశాస్త్రి (1899–1935) పద్యాలు, డి.వి.సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య శ్రీకృష్ణ పాత్రలో పాడినవి సేకర్తలు ప్రత్యేకంగా వెతికేవి. స్థానం రికార్డుకు ఇంకో విలువ కూడా ఉంది. పురుషుడు స్త్రీ గొంతుతో పాడే కళ ఎలా ఉండేదో ఫొటోలు చెప్పలేవు, ప్లేటు చెబుతుంది. హరిశ్చంద్ర కాటిసీనులో పాడే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా (1895–1971) రాసిన శ్మశానవాటికలోవి. పుస్తకంలో కవి, రికార్డులో నటుడు పేరుపొందారు. లేబులు మీద జాషువా పేరు ఉందా లేదా అన్నది కూడా పరిశీలించదగ్గ విషయం.

డ్రామా సెట్టు పూర్తిగా దొరకడం కష్టం. ప్లేట్లు విడివిడిగా పగిలాయి, విడివిడిగా చేతులు మారాయి. ఆరింటిలో నాలుగు దొరికినా కథ మధ్యలో తెగిపోతుంది. ఇలాంటప్పుడు ఒకరి దగ్గరున్న మిగులు ప్లేటు ఇంకొకరి లోటు తీరుస్తుంది. సేకర్తల మధ్య ప్లేట్ల మార్పిడి ఎక్కువగా సాగేది ఇందుకే.

ప్రైవేటు పాటలు

సినిమాకు చెందని, కంపెనీ నేరుగా పాడించిన గీతాలను ‘ప్రైవేటు రికార్డు’ అంటారు. లలిత సంగీతమన్న పేరు స్థిరపడటానికి ముందే ఆ పని చేసినవి ఇవి. రావు బాలసరస్వతీదేవి చిన్నపిల్లగానే రికార్డుకు పాడారు. సాలూరు రాజేశ్వరరావు సినిమా సంగీత దర్శకుడిగా పేరు రాకముందు నుంచే గాయకుడిగా ప్లేట్లలో వినిపించారు. వీరిద్దరి యుగళ గీతాలు ఇప్పటికీ సేకర్తలకు ప్రీతిపాత్రం. వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి జానపద గీతాలను, భావకవుల గీతాలను రికార్డులకు ఎక్కించారు. శంకరంబాడి సుందరాచారి రాసిన తెలుగుతల్లి గీతం ఇంటింటికీ చేరడానికి టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు ప్రధాన కారణం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ప్లేటుగా వచ్చాక పద్యం చదవని ఇళ్ళలో కూడా వినిపించింది.

వాద్య సంగీతంలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వయొలిన్ 78లు, తర్వాతి కాలంలో ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వీణ రికార్డులు ముఖ్యమైనవి.

వినైల్ కాలం

ఇతర దేశాల్లో 78 చుట్ల రికార్డు 1960 నాటికి దాదాపు ఆగిపోయింది. భారతదేశంలో ఇంకా కొన్నేళ్ళు సాగింది. కరెంటు లేని ఊళ్ళలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుకు అదే కావాలి. ఆ కారణంగానే బీటిల్స్ పాటలు దమ్‌దమ్‌లో 78లుగా అచ్చయ్యాయి. వాటి కోసం విదేశీ సేకర్తలు పెద్ద ధరలు పెడతారు.

తెలుగు ఎల్.పి.లలో ఎక్కువగా గుర్తుండిపోయింది ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక ఆ ఏడాదే విడుదలైంది. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల సంపుటాలు, ‘శంకరాభరణం’ (1980) పాటల ఎల్.పి. విరివిగా అమ్ముడైనవి. అవి అరుదైనవి కావు. ‘ముత్యాల ముగ్గు’ (1975) సంభాషణలు ఎల్.పి.గా రావడం వేరే కోవ. మాటలనే కొనుక్కుని వినే శ్రోత తెలుగులో ఉన్నాడని అది చూపింది. డ్రామా సెట్టుకు వారసత్వంగా దీన్ని లెక్కించవచ్చు.

1980లలో క్యాసెట్ చౌకగా వచ్చి రికార్డును వెనక్కి నెట్టింది. 1990లలో దేశంలో వినైల్ అచ్చు ఆగిపోయింది. 2024లో నవీ ముంబయిలో మళ్ళీ మొదలైంది.

రికార్డును చదవడం

ప్లేటును వినడానికి ముందు కంటితో చదవాలి. లేబులు మీద కంపెనీ గుర్తు, గాయకుల పేరు, రాగం, తాళం, భాష, క్యాటలాగు సంఖ్య ఉంటాయి. భారతీయ 78లలో హెచ్.ఎం.వి. సంఖ్య ముందు సాధారణంగా ‘ఎన్’, కొలంబియాకు ‘జీఈ’, ట్విన్‌కు ‘ఎఫ్‌టీ’ అక్షరాలు కనిపిస్తాయి. లేబులు పక్కన నల్లటి ఖాళీ జాగాలో వెలుతురు వాలుగా పడేట్టు పట్టుకుంటే చెక్కిన ఇంకో సంఖ్య కనిపిస్తుంది. అది మాతృక సంఖ్య. ఆ పాట ఏ రికార్డింగు నుంచి వచ్చిందో చెప్పేది ఇదే. అదే పాటను అదే గాయని రెండుసార్లు పాడి ఉంటే క్యాటలాగు సంఖ్య ఒకటే ఉన్నా మాతృక తేడాగా ఉండవచ్చు. వరస సంఖ్యలను పోల్చి రికార్డింగు ఏడాదిని సుమారుగా లెక్కగడతారు.

కాగితపు తొడుగు కూడా పారేయదగ్గది కాదు. దాని మీద అమ్మిన దుకాణం ముద్ర, ఊరి పేరు ఉంటాయి. కంపెనీలు వేసిన తెలుగు క్యాటలాగులు, పాటల కాగితాలు ఇప్పుడు ప్లేట్ల కన్నా అరుదు. ప్లేటు గట్టిది కనుక మిగిలింది, కాగితం పొయ్యిలోకి పోయింది.

తూర్పు హైదరాబాదు

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ విజయవాడ రహదారి వెంట పెరిగిన ప్రాంతాలు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచీ, కోస్తా జిల్లాల నుంచీ నగరానికి వచ్చేవారికి ఇది తూర్పు గడప. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్.బి.నగర్ ఒకప్పుడు విడి మునిసిపాలిటీ. 2007లో గడ్డిఅన్నారం తదితర పట్టణాలతో కలిసి హైదరాబాదు మహానగర పాలక సంస్థలో చేరింది.

ఇక్కడి కాలనీల్లో అధిక భాగం 1970ల తర్వాత నిండినవి. సేకరణకు సంబంధించి దీని అర్థం ఇది: ఇక్కడి ఇంటి అటక మీద ఈ.పి.లు, ఎల్.పి.లు కనిపిస్తే అవి ఆ ఇంట్లోనే కొన్నవి కావచ్చు. లక్క రికార్డులు కనిపిస్తే మాత్రం అవి దాదాపు ఎప్పుడూ ఇంకో ఊరి నుంచి వచ్చినవే. ఉద్యోగం మీద వచ్చిన కొడుకు వెంట తండ్రి గ్రామఫోను పెట్టె వచ్చి ఉంటుంది. తొడుగు మీది ముద్ర చూస్తే ఆ కుటుంబం నడిచిన దారి తెలుస్తుంది. పాతబస్తీ ఇళ్ళలోంచి వచ్చే రికార్డులతో పోలిస్తే ఇక్కడివి భిన్నంగా ఉండటానికి కారణం అదే. అక్కడ ఉర్దూ గజళ్ళు, అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ కవ్వాలీలు ముందు చేతికొస్తాయి, ఇక్కడ పద్యాలు, భక్తి గీతాలు, సినిమా ఈ.పి.లు. రెండు ప్రాంతాల నడుమ ఉన్న మలక్‌పేటలో రెండూ కలుస్తాయి.

కాలనీల్లో విడి ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్న కాలం ఇది. ఇల్లు ఖాళీ చేసే వారంలోనే అటక మీది సామాను బయటికి వస్తుంది. ఆటోకు మైకు కట్టి వీధుల్లో తిరిగే పాత సామాన్ల వాళ్ళు ఇనుమును, కాగితాన్ని తూకానికి కొంటారు. లక్క ప్లేటుకు తూకంలో విలువ లేదు. అందుచేత కొనేవాడు కూడా వదిలేస్తే అది చెత్తకుండీకి చేరుతుంది. వినైల్‌కు ఇప్పుడు గిరాకీ ఉందని తెలిసి దాన్ని మాత్రం విడిగా తీస్తున్నారు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నది లక్క రికార్డే.

నగరంలో రికార్డులు వెతికే చోట్లు పాతవే: గురువారం పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజారు, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు పుస్తకాల సంత, ఎర్రగడ్డ ఆదివారం సంత, కోఠి, సుల్తాన్ బజారు వీధులు. తూర్పున ఉండేవారికి ఒకే మెట్రో మార్గం వీటిలో చాలావాటిని కలుపుతుంది. మియాపూర్–ఎల్.బి.నగర్ మార్గంలో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా భాగం 2018 సెప్టెంబరు 24న మొదలైంది. ఎల్.బి.నగర్‌లో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి, కోఠికి ఉస్మానియా వైద్య కళాశాల దగ్గర, ఆబిడ్స్‌కు నాంపల్లిలో, ఆదివారం సంతకు ఎర్రగడ్డలో దిగవచ్చు. ఒళ్ళో ప్లేట్ల సంచి పెట్టుకుని వచ్చేవారికి గుంతల రోడ్డు కన్నా రైలు నయం.

వినడం: ముల్లు, వేగం, శ్రుతి

పాత గ్రామఫోనులో ఉక్కు ముల్లు వాడేవారు. ఒక వైపు వినగానే ముల్లు మార్చాలి. మార్చకపోతే అరిగిన ముల్లు గాడిని తవ్వేస్తుంది. అరుదైన ప్లేటును కీ ఇచ్చే గ్రామఫోను మీద పెట్టకపోవడమే మంచిది. దాని భారం, ఉక్కు రెండూ గాడికి శత్రువులే. విద్యుత్ టర్న్‌టేబుల్ మీద 78లకు విడి ముల్లు కావాలి. లక్క రికార్డు గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల మొన సరిపోతుంది. ఎల్.పి.కి 18 నుంచి 25 మైక్రాన్లది చాలు. ఎల్.పి. ముల్లుతో 78 వేస్తే మొన గాడి అడుగున దొర్లి గరగర తప్ప పాట సరిగా రాదు.

వేగం మరింత చిక్కు. ‘78’ అన్నది పేరు మాత్రమే. తొలి రోజుల్లో 70 నుంచి 80కి పైగా చుట్ల మధ్య ఎంతైనా ఉండేది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది. అప్పుడు గాయకుడి గొంతు సన్నబడి, లయ పరుగెడుతుంది. పాత రికార్డు విని ఫలానా విద్వాంసుడు ఇంత హెచ్చు శ్రుతిలో పాడేవాడని తేల్చడం ఈ కారణంగా ప్రమాదకరం. హార్మోనియం ఉన్న పద్యాల ప్లేట్లలో కొంత ఆసరా దొరుకుతుంది. హార్మోనియం మెట్లు స్థిరం కనుక వేగాన్ని దానికి సరిపోల్చి చూడవచ్చు. ధ్వని సమీకరణం, అంటే హెచ్చు తగ్గు స్వరాల పాళ్ళను సర్దే పద్ధతి, కూడా కంపెనీని బట్టి మారేది. 1954లో ఆర్‌ఐఏఏ ప్రమాణం వచ్చాక ఇది ఒక దారికి వచ్చింది.

పాతప్లేటు వినడం ఒక అభ్యాసం. మొదటి నాలుగైదు ప్లేట్లలో చెవికి గరగరే వినిపిస్తుంది. ఆ తర్వాత చెవి దాన్ని పక్కకు నెట్టి గొంతును పట్టుకుంటుంది.

భద్రత

ప్లేట్లను నిలువుగా, ఒకదానికొకటి ఒరిగిపోకుండా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగువి పగులుతాయి. హైదరాబాదు మే నెల ఎండకు కిటికీ పక్కనున్న వినైల్ వంగిపోతుంది. వానాకాలపు తేమకు బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచి తేమను బంధిస్తుంది కాబట్టి ఆమ్లం లేని కాగితపు తొడుగు మేలు. శుభ్రం చేయడానికి డిస్టిల్డ్ నీరు, మెత్తటి గుడ్డ చాలు. స్పిరిటు వంటి ఆల్కహాలు లక్కను కరిగిస్తుంది కనుక 78లకు దాన్ని తాకించకూడదు. లేబులు తడవకూడదు. బీట పడ్డ ప్లేటును పారేయకండి. జాగ్రత్తగా బిగించి ఒక్కసారి వేసి డిజిటల్ ప్రతి తీయడం సాధ్యమే.

డిజిటల్ ప్రతికి అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యత సూచిస్తుంది. శబ్దం తగ్గించని మూల ప్రతిని విడిగా ఉంచాలి. శుద్ధి చేసే పద్ధతులు మారుతుంటాయి, పోయిన వివరం తిరిగి రాదు.

సేకర్తలు, సంస్థలు, చట్టం

తెలుగు సేకర్తల్లో అగ్రగణ్యుడు మద్రాసులో స్థిరపడ్డ వి.ఎ.కె.రంగారావు. పదుల వేల 78లను సేకరించడమే కాక, వాటి ఆధారంగా సినిమా సంగీతం గురించి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు. సేకరణ రాతగా మారితేనే ఇతరులకు ఉపయోగం అని చూపిన ఉదాహరణ అది. ముంబయిలో 1990లో ఏర్పడ్డ భారతీయ రికార్డు సేకర్తల సంఘం తన పత్రిక ద్వారా ఎన్నో వివరాలు నమోదు చేసింది. బ్రిటిష్ లైబ్రరీ అపాయంలోని భాండాగారాల పథకం సాయంతో యంగ్ ఇండియా, ఓడియన్ లేబుళ్ళ రికార్డులు డిజిటల్ రూపంలోకి వచ్చాయి. భారతీయ తొలి రికార్డుల జాబితాల విషయంలో మైకేల్ కిన్నియర్ కృషి ప్రామాణికం.

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం ధ్వని ముద్రణకు హక్కు, విడుదలైన ఏడాది తర్వాతి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. 1955లో విడుదలైన ప్లేటు ధ్వనిపై హక్కు 2015తో ముగిసింది. అందులోని సాహిత్యంపై రచయిత హక్కు వేరు, అది రచయిత మరణించాక 60 ఏళ్ళు. రెండూ చూసుకునే ప్రతిని బయటపెట్టాలి.

నమోదు

తెలుగులో విడుదలైన రికార్డులన్నిటినీ ఒక్కచోట చేర్చిన జాబితా ఇంకా లేదు. దాన్ని తయారుచేయడానికి ప్రతి ప్లేటు ఒక ఆధారం. పగిలిన ప్లేటు కూడా లేబులు చదవగలిగితే చాలు. ఇంట్లో పాత ప్లేట్లున్నవారు వాటిని ఎవరికి ఇచ్చినా, అమ్మినా, ముందు ఒక్కో ప్లేటు రెండు వైపులా లేబులును, పక్కనున్న మాతృక సంఖ్యను, తొడుగు మీది దుకాణం ముద్రను ఫొటో తీసి ఉంచండి. ఆ ప్లేటు ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఆ ఫొటో పక్కనే రాసి పెట్టండి.